ముట్టొద్దన్న వస్తువు

సోమవారం పొద్దున ఎనిమిదింటికి మేనేజరు వెంకటనారాయణ ఆఫీసు గదిలో అడుగు పెట్టేసరికి కంప్యూటరు మేలుకుని ఉంది. శనివారం సాయంత్రం తానే దాన్ని స్లీపులో పెట్టి, తెర నల్లబడేదాకా నిలబడి చూసి మరీ వెళ్లాడు. ఇప్పుడేమో తెర నిండా నీలం వెలుగు, మధ్యలో పాస్‌వర్డు అడిగే గడి. పది రోజుల్లో ఇలా జరగడం ఇది ఆరోసారి.

“జంపక్కా! ఇట్రా ఒకసారి!”

జంపక్క వసారాలో తడిగుడ్డ పిండుతోంది. గుడ్డను బకెట్టు అంచున ఆరేసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పద్నాలుగేళ్లుగా ఆ అటవీ ఉత్పత్తుల సహకార సంఘం ఆఫీసును ఊడ్చి తుడిచేది ఆమే. చీకటి ఉండగానే ఇప్పచెట్ల కింద పువ్వు ఏరుకుని, గంప ఇంట్లో దించి, ఆరున్నరకల్లా తాళంచెవితో వచ్చేస్తుంది. పర్ణశాలకు యాత్రికులను ఎక్కించుకున్న మొదటి ఆటో రోడ్డు మీద పోయే వేళకు ఆమె పని సగం అయిపోతుంది.

“శనివారం నేను దీన్ని నిద్రపుచ్చి వెళ్లాను. ఇప్పుడు చూడు, ఎలా వెలుగుతోందో. ఎవరు లేపారు?”

“నాకేం ఎరుక సారు? వచ్చిన, ఊడ్చిన, తుడిచిన. దాని దిక్కు పోలే.”

“తాళంచెవి ఎవరి దగ్గరుంది?”

“నా దగ్గర్నే.”

“ఎనిమిదింటి దాకా ఈ గదిలో ఎవరుంటారు?”

“నేనే ఉంట.”

“మరి?”

ఆ ‘మరి’ తర్వాత ఇంకేమీ అడగనక్కర్లేదన్నట్టు ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. జంపక్కకు ఒళ్లు మండింది. తెర వెలగడం ఆమె కూడా చూసింది, ఒకసారి కాదు, మూడుసార్లు. బకెట్టు నీళ్లు పారబోసి వచ్చేసరికి అది వెలుగుతూ కనబడేది. ఫోన్లు వాటంతట అవే వెలుగుతాయి, ఇదీ అంతేనేమో అనుకుని తన పనేదో తాను చూసుకుంది. ఆ మాటే ఇప్పుడు చెప్పింది.

“దానికదే లేస్తుంది సారు. నేను చూసిన.”

“దానికదే!” వెంకటనారాయణ నవ్వి, గుమ్మం అవతల కాంటా దగ్గర కూర్చున్న పోతయ్య వైపు తిరిగాడు. “విన్నావా పోతయ్యా, కంప్యూటరు దానికదే లేస్తుందంట. ఇక కాఫీ కూడా అదే తాగుతుందేమో.”

తూకం వేసే పోతయ్య అవునని అనలేదు, కాదని అనలేదు. తూకపురాళ్లను పెద్దది ముందు, చిన్నది వెనుక వరసలో సర్దుకుంటూ తల దించుకున్నాడు. జంపక్కది అతని ఊరే, ఇద్దరూ కోయవాళ్లే.

వెంకటనారాయణ కోపం నిజానికి తెర మీద కాదు. ఎండలు ముదిరితే బీడీలు చుట్టే తునికాకు కోత మొదలవుతుంది. ఊరూరి కల్లం దగ్గర ఆకు కట్టలు లెక్కపెట్టి తీసుకోవడానికి ఒక్కొక్క కల్లేదారు ఉంటాడు. ఈసారి కల్లేదార్ల జాబితా ఇంకా గోడకు అంటించనే లేదు, ఆ కంప్యూటర్లోనే ఉంది. అయినా మొన్న శుక్రవారం ఊళ్లోంచి పదిమంది వచ్చి, మా కల్లానికి సత్తుపల్లి మనిషిని ఎట్లా వేస్తారని నిలదీశారు. ఆ సత్తుపల్లి మనిషి వెంకటకృష్ణ, మేనేజరు భార్యకు తమ్ముడు. పేరు జాబితాలోకి ఎలా ఎక్కిందో మేనేజరుకు తెలుసు. బయటికి ఎలా పొక్కిందో తెలియడం లేదు. తెలుసుకోవడం కంటే ఎవరో ఒకరి మీదికి తోసేయడం సుఖంగా కనిపించింది.

“పాస్‌వర్డు చీటీ ఇక్కడే అంటించి ఉంది,” అన్నాడు మానిటరు అంచును చూపిస్తూ. “నీకు చదవడం రాకపోతే వచ్చినవాణ్ణి తెచ్చుకుంటావు. చూపించావు, ఊరంతా పాకింది.”

“నేను ముట్టలే సారు. మీరు ముట్టొద్దన్నరు. దసరా పొద్దు నుంచి దాని మీద గుడ్డ గూడ పెట్టలే.”

అది నిజం. దసరానాడు వెంకటనారాయణ ఆయుధపూజ చేశాడు. వాళ్ల ఇంట్లో ట్రాక్టరు స్టీరింగుకు పసుపుదారం కడతారు, చెయ్యి పట్టే చోటే కట్టాలని ఆయన తండ్రి పట్టింపు. ఇక్కడ చెయ్యి పట్టేది మౌసును. అందుకని మానిటరుకు గంధం, కుంకుమ బొట్లు పెట్టి, మౌసు నడుముకు పసుపుదారం రెండు చుట్లు చుట్టి ముడి వేశాడు. పూజ చేసిన వస్తువు, తడిగుడ్డ తగలనివ్వకు, నీ చేత్తో ముట్టుకోనే వద్దు అని జంపక్కకు ఆ రోజే గట్టిగా చెప్పాడు. ఆ చివరి మాటలో ఏమున్నదో ఆమెకు అర్థం కాకపోలేదు. అయినా ముట్టలేదు.

మేనేజరు అరగంటసేపు టైపు చేసి ఒక కాగితం తీశాడు. సిరా డబ్బా మూత విప్పి బల్ల మీద పెట్టాడు.

“ఇదేంది సారు?”

“నేను చెప్పాను, నువ్వు విన్నావు. అంతే. వెయ్యి వేలిముద్ర.”

ఆమె పోతయ్య వైపు చూసింది. పోతయ్యకు చదువొచ్చు. అతను గోదాములోకి వెళ్లిపోయాడు. జంపక్క బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద పెట్టింది. పద్నాలుగేళ్లలో ఏ కాగితం ఇచ్చినా అలాగే పెట్టింది, ఏ కాగితమూ ఆమెకు చదివి వినిపించినవాడు లేడు. చదువు రాని మనిషి వేలు పట్టుకుని ఏదైనా చేయించుకోవడం ఈ దేశంలో ఇంత తేలికగా ఎందుకుండాలి? రెండు వాక్యాలు పైకి చదవడానికి ఎంతసేపు పడుతుంది గనక?

“భద్రాచలం నుంచి లేడీ టెక్నీషియన్‌ను పిలుస్తున్నా,” అన్నాడు మేనేజరు కాగితం మడుస్తూ. “కంప్యూటర్లో ఏ లోపమూ లేదని ఆవిడ సంతకం పెడితే, ఈ కాగితం ఖమ్మం పెద్దాఫీసుకు పోతుంది. ఒకటో తారీఖున తాళంచెవి ఇచ్చేయ్.”

మంగళవారం తెల్లవారుజామున గాలిదుమారం లేచి ఎక్కడో తీగ మీద కొమ్మ పడింది. జంపక్క తలుపు తీసేసరికి కరెంటు లేదు. బల్ల కింద యూపీఎస్ కుయ్యి కుయ్యిమంటూ అరుస్తోంది, కంప్యూటరు దాని బ్యాటరీ మీదే ఉంది. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని కంప్యూటరు ముందు నిలబడి, దాన్ని ఎగాదిగా చూసింది. తెర నల్లగా ఉంది. కీబోర్డు పెట్టే సొరుగు ఎప్పటిలాగే బయటికి వచ్చి ఉంది, అది ఇరుక్కుపోయి ఏడాదైంది, లోపలికి పోదు. కీబోర్డు మీద మౌసు పడుకుని ఉంది. సొరుగులో దుమ్ము చేరకుండా రోజూ సాయంత్రం మేనేజరు దాన్ని ఎత్తి కీబోర్డు మీద పెట్టి వెళతాడు.

ఊడ్చింది. గొంతుక్కూర్చుని మూల నుంచి మూలకు తడిగుడ్డ పెట్టింది. వెనక్కి నడుస్తూ వసారాలోకి వచ్చి బకెట్టు పారబోసింది. మళ్లీ వెళ్లి చూస్తే తెర నల్లగానే ఉంది. మేనేజరు వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చుంది, గడ్డివాములో దూరిన పాము కోసం కూర్చున్నట్టు కళ్లు ఆర్పకుండా. అది లేవలేదు.

ఎనిమిదింటికి వెంకటనారాయణ వచ్చి నల్లటి తెరను చూశాడు. చూసి, ఊరికే ఉన్నాడా?

“చూశావా? నిన్న నాలుగు తిట్టేసరికి ఈరోజు బుద్ధిగా పడుకుంది. దానికదే లేచేదైతే ఈరోజెందుకు లేవలేదు? చెప్పు.”

లేస్తే ఆమె లేపినట్టు. లేవకపోతే ఆమె భయపడి మానుకున్నట్టు. ఇక అది ఏం చేస్తే ఈమె మంచిదవుతుంది? ఇంటికి పోతూ దారి పొడుగునా తనలో తాను తిట్టుకుంటూనే నడిచింది. ఇంటి ముందు చాప మీద ఆరబెట్టిన ఇప్పపువ్వును చేత్తో నెరుపుతూ కూడా అదే ఆలోచన. నిన్న ఏం చేసిన, ఇయ్యాల ఏం చేసిన? ఊడ్చుడు రెండు రోజులూ ఉన్నది. తుడుచుడు ఉన్నది. బకెట్టు ఉన్నది. గాలి వీచి చాప మీద పువ్వు ఒక పక్కకు జరిగింది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

నిన్న ఫ్యాన్ వేసింది. ఇవాళ వేయలేదు, కరెంటే లేదు. చలికాలమంతా ఫ్యాన్ జోలికే పోలేదు, ఆ నాలుగు నెలలూ కంప్యూటరు గురించి ఎవరూ ఏమీ అనలేదు. శివరాత్రి దాటి ఉక్క మొదలయ్యాకే తడి ఆరడానికి ఫ్యాన్ వేయడం మొదలుపెట్టింది. అల్లరి కూడా అప్పటినుంచే.

బుధవారం కరెంటు వచ్చింది. జంపక్క తుడవడం ముగించి, గుమ్మం పక్కనున్న స్విచ్చు నొక్కి, గది బయటే నిలబడింది. ఫ్యాన్ గిర్రున తిరిగింది. గోడ మీది క్యాలెండరు టపటపలాడింది. కాసేపటికి తెర భళ్లున నీలంగా వెలిగింది.

“దొరికినవే!” అంది జంపక్క పైకే. కానీ ఫ్యాన్‌కూ దానికీ ఏమిటి సంబంధమో మాత్రం ఆమెకు తెలియలేదు. ఈ మాట చెబితే మేనేజరు మళ్లీ కాఫీ మాటే అంటాడు. చెప్పలేదు.

పదకొండింటికి టెక్నీషియన్ స్కూటీ మీద వచ్చింది. పేరు నాగలత, ముప్పై ఏళ్లుంటాయి, భద్రాచలంలో సొంతంగా కంప్యూటర్ రిపేరు షాపు పెట్టుకుంది. చున్నీ నడుముకు బిగించి కట్టి, మేనేజరు కుర్చీని పక్కకు జరిపి, ముందు మోకాళ్ల మీద కూర్చుని వెనుక వైర్లు చూసింది. నెట్ కేబుల్ పీకింది. కంప్యూటరును నిద్రపుచ్చి, తలుపు ధడాలున వేసి చూసింది. బల్లను ఊపి చూసింది. లేవలేదు. మళ్లీ లేపి, ఫలానా వేళకు లేవమని దానికి ఎవరైనా ముందే చెప్పి పెట్టారేమో వెతికింది, అలాంటిదేమీ లేదు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, కానీ మౌసు ఇప్పుడు నాగలత చేతి కింద చదునుగా బల్ల మీద ఉంది. జంపక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది.

“ఏ లోపం లేదు కదమ్మా?” అన్నాడు మేనేజరు.

“ఉండండి సార్. ఎవరు లేపిండ్రో దీన్నే అడుగుదాం. రాసి పెట్టుకుంటది.”

తెర మీద నల్లటి కిటికీ ఒకటి తెరిచి ఏదో టైపు చేసింది. తెల్లటి అక్షరాలు వరసగా దిగాయి. తారీఖులు చదివింది, వేళలు చదివింది. ఇవాళ ఆరూ యాభై రెండు. సోమవారం ఆరూ నలభై తొమ్మిది. మేనేజరు వచ్చాక లేపినవి పోను, అంతకుముందువన్నీ కూడా ఆరున్నరకూ ఏడింటికీ మధ్యే.

“లేపింది ఎవరని ఉంది?”

నాగలత ఆ వరస మీద వేలు పెట్టింది. “మౌసు అని ఉంది సార్. ప్రతిసారీ మౌసే.”

వెంకటనారాయణ అరచేత్తో బల్ల మీద కొట్టాడు. “అయిపోయింది! ఇంకేం కావాలి? కంప్యూటరే సాక్ష్యం చెప్పింది. మౌసు దానంతటది కదలదు కదా!” అని బల్ల పక్క సొరుగులోంచి మడిచిన కాగితం తీసి నాగలత ముందు పెట్టాడు. “దీని కింద మీరు రాయండి. మెషీన్లో లోపం లేదు, మౌసు కదిపి లేపినట్టు తేలింది అని.”

నాగలతకు ఏది చదివినా గొణుగుతూ పైకి చదివే అలవాటు. చదవడం మొదలుపెట్టింది. “సోడె జంపక్క అను నేను, కార్యాలయ కంప్యూటరును అనుమతి లేకుండా పలుమార్లు తెరిచి, అందులోని జాబితాను బయటి వ్యక్తులకు చూపినట్టు ఒప్పుకొనుచున్నాను...”

“మళ్ల చదువు బిడ్డా,” అంది జంపక్క.

నాగలత తలెత్తి చూసింది. కాగితం అడుగునున్న వేలిముద్రను చూసింది. ఈసారి పైకి, నిదానంగా, ఒక్కో మాటా చదివింది. జంపక్క తన బొటనవేలును చూసుకుంది. గోరు సందులో సిరా ఇంకా పోలేదు.

“చెప్పిన, విన్నవు, అంతేనంటివి గద సారు?” ఆమె బొటనవేలు ఆయన ముందుకు చాపింది. “నేను ఒప్పుకున్ననా? ఎప్పుడు ఒప్పుకున్న? నా వేలుతోని నన్నే దొంగను చేస్తివా?”

“అరవకు. ఆఫీసు ఇది.”

“పద్నాలుగేండ్ల సంది తుడుస్తున్న, ఇది ఆఫీసని నాకు ఎరుక లేదా?”

నాగలత కలం మూత పెట్టేసింది. ఏం చేయాలో తోచక, తనకు తెలిసిన పనిలోకే దిగింది. “సార్, ఇప్పుడైతే దీన్ని ఆపేయొచ్చు. మౌసుకు దీన్ని లేపే పర్మిషన్ ఉంది. ఇక్కడ ఒక్క టిక్కు తీసేస్తే ఇక ఎప్పుడూ లేవదు.”

“తీసేయండి మరి.”

“ఆగు బిడ్డా!” జంపక్క గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది. “ఆ టిక్కు తియ్యకు. ఇయ్యాల దాని నోరు మూస్తే నా మీద పడ్డది నా మీదనే ఉంటది. అది రేపు గూడ లేవాలె. అందరి ముంగట లేవాలె.”

నాగలత చెయ్యి మౌసు మీదే ఆగింది. జంపక్క దగ్గరికి వచ్చి, ముట్టకుండా వంగి చూసింది. మౌసు ఎత్తినప్పుడల్లా కింద ఎర్రగా ఏదో మెరుస్తోంది.

“ఆ ఎర్ర లైటు ఏంది బిడ్డా?”

“అదా అక్కా? అది దాని కన్ను.” నాగలత మౌసును వెల్లకిలా తిప్పి చూపించింది. “దీని కింద ఏది జరిగినా ఇది చూస్తది. చూసి, చెయ్యి తనను కదిపింది అనుకుంటది.”

“చెయ్యే కావాల్నా? ఇంకోటి కదిలితే?”

“ఏదైనా ఒకటే దానికి...” అని నాగలత మాట మధ్యలో ఆగిపోయింది. ఆమె కళ్లు కూడా జంపక్క చూస్తున్న చోటికే వెళ్లాయి. మౌసు నడుముకు చుట్టిన దారం అయిదు నెలల వాడకానికి చీకిపోయి ఉంది. ముడి దగ్గర ఒక కొస ఊడి, రెండంగుళాల పోగు వేలాడుతోంది. ఇద్దరూ ఆ ముక్క పైకి అనలేదు.

“సార్,” అంది నాగలత మౌసు దించి. “మౌసు కదలిక చూసిందని రాస్తా. మనిషి చెయ్యి పెట్టి కదిపిందని రాయాలంటే నా కళ్లతో చూడాలి. చూడంది రాయను. రేపు ఆరున్నరకు వస్తా, మీరూ ఉండండి. సాయంత్రం మీరు రోజూ ఎట్లా పెట్టి పోతారో అట్లాగే పెట్టి పోండి.”

సంతకం లేనిదే కాగితం ఖమ్మం కదలదు. వెంకటనారాయణ పళ్లు కొరుక్కుని సరే అన్నాడు.

గురువారం సంఘం ఇప్పపువ్వు కొనే రోజు. ఆరున్నరకే గంపలతో పదిహేను మంది ఆడవాళ్లు వసారాలో చేరారు. సంగతి ఊరంతా తెలుసు. గంపలు దించి, కాంటా వైపు వెళ్లకుండా కిటికీ దగ్గర మూగారు. మేనేజరు కళ్లు నిద్రలేక ఉబ్బి ఉన్నాయి. అలికిడి లేకుండా నిలబడాలని నాగలత చెబితే, లోపల గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. తెర నల్లగా ఉంది. మౌసు కీబోర్డు మీద ఉంది.

జంపక్క చీపురు పట్టింది. రోజూ ఊడ్చినట్టే ఊడ్చింది, బల్ల కింద, బీరువా సందున, తలుపు వెనుక. తర్వాత బకెట్టు తెచ్చి, చీర కుచ్చెళ్లు బిగించి, గొంతుక్కూర్చుని గుడ్డ పెట్టడం మొదలుపెట్టింది. తొందరపడలేదు. ఆ గదిని ఆమె తుడవడం మేనేజరు చూడటం అదే మొదటిసారి. గుడ్డను మూల మూలకూ తిప్పి, తిరగేసి, పిండి, మళ్లీ పరిచి, వెనక్కి వెనక్కి జరుగుతూ ఆమె గుమ్మం చేరింది. తెర నల్లగానే ఉంది.

“చూసిండ్రా సారు? ఊడ్చిన. తుడిచిన. లేచిందా?”

“లేవదు. మేమంతా ఉన్నాం కదా.”

“నేను ఇక బయటికి పోతున్న. ఇగో, నా చేతులు చూడుండ్రి.”

ఆమె వసారాలోకి వెళ్లి, తడి చేతులు చీరకు తుడుచుకుని, గుమ్మం బయటి నుంచే చెయ్యి చాపి ఫ్యాన్ స్విచ్చు నొక్కింది. రెండు చేతులూ తల మీద పెట్టుకుని నిలబడింది. ఫ్యాన్ ముందు బద్ధకంగా, తర్వాత జోరుగా తిరిగింది. క్యాలెండరు కొట్టుకుంది. ఒక నిమిషం గడిచింది. గదిలో ఎవరూ అంగుళం కదల్లేదు.

తెర వెలిగింది.

కిటికీ దగ్గర ఆడవాళ్లు ఒక్కసారిగా కోయమాటలో ఏదేదో అరిచారు. వెంకటనారాయణ చేతులు విప్పి, మళ్లీ కట్టుకున్నాడు.

“ఇటు వచ్చి కూసోండ్రి సారు,” అంది జంపక్క. “నిలబడితే కనబడదు. నేను తుడిచేటప్పుడు కూసుంటగద, గట్ల కూసుంటే కనబడ్తది.”

నాగలత ముందు కూర్చుంది. మేనేజరు ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని, తడి గచ్చు మీద గొంతుక్కూర్చున్నాడు. సొరుగు సరిగ్గా కంటి ఎత్తులోకి వచ్చింది. మౌసు కీబోర్డు మీద ఒక పక్కకు ఒరిగి ఉంది, కింద వేలు దూరేంత సందు. ఆ సందులో ఎర్ర వెలుగు. వెలుగు ముందు పసుపుదారపు పోగు ఫ్యాన్ గాలికి అటూ ఇటూ ఊగుతోంది.

నాగలత తన పని చేసింది. కంప్యూటరును మళ్లీ నిద్రపుచ్చి, మౌసును కీబోర్డు మీద పెట్టి, రిజిస్టరు పుస్తకం అడ్డుపెట్టింది. ఫ్యాన్ తిరుగుతున్నా లేవలేదు. పుస్తకం తీసింది. లేచింది. నల్ల కిటికీ తెరిచి చదివింది. ఏడూ పది, మౌసు.

“అయితే,” అన్నాడు వెంకటనారాయణ లేచి నిలబడుతూ. “అయితే ఫ్యాన్ వేసింది ఎవరు? ఈమె కాదా?”

ఇంత జరిగాక కూడా ఆ మనిషి నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. తడి ఆరకపోతే జారిపడేది తానేనని, ఆమె ఆ ఫ్యాన్ వేసింది తన కాలు జారకుండానేనని ఆలోచించడానికి ఆయనకు బుర్ర చాలక కాదు, మనసు రాక.

“దారం ఎవరు కట్టిండ్రు సారు?”

ఆ మాట అన్నది పోతయ్య. కాంటా దగ్గర నుంచి లేచి వచ్చి గుమ్మంలో జంపక్క పక్కన నిలబడ్డాడు. నాలుగు రోజులు మూసుకున్న నోరు తెరిచాక ఆగలేదు. “జాబితా సంగతి గూడ చెప్త వినుండ్రి. మీ బావమరిది ముందటి వారమే వచ్చి కల్లం జాగా చూసుకుని పోయిండు. టీ కొట్టుకాడ కూసోని, ఈ ఏడు ఇక్కడ నేనే కల్లేదారునని చెప్పిండు. నేను అక్కడనే ఉన్న. జంపక్క ఏం జేసె నడుమ?”

వసారాలో నవ్వులు లేచాయి. నవ్వుల వెనుకే, మా కల్లం సంగతి తేల్చమని గొంతులు కూడా లేచాయి. వెంకటనారాయణ మొహం కందిపోయింది. ఏదో ఒక పని చేయాలి గనక, మౌసు వైపు చెయ్యి చూపించాడు.

“ముందు ఆ దారం తీసేయ్ జంపక్కా.”

“నేను ముట్ట సారు.”

“ఏంటి?”

“ముట్టొద్దన్నరు గద. పూజ చేసిన వస్తువాయె.”

ఎవరూ ముందుకు రాలేదు. నాగలత బ్యాగులో కత్తెర ఉంది, ఆమె బ్యాగు తెరవలేదు. పోతయ్య దగ్గర గోనెసంచుల పురికొస కోసే కత్తి ఉంది, అతనూ తీయలేదు. మేనేజరు కళ్లజోడు పెట్టుకుని, మౌసును ఒడిలో పెట్టుకుని ముడి విప్పడానికి కూర్చున్నాడు. పసుపూ చెమటా పట్టి ముడి గట్టిపడిపోయింది. గోళ్లతో గిల్లాడు, పంటితో లాగాడు. పదిహేను గంపల పువ్వు తూకం కాకుండా వసారాలో వాసన కొడుతుండగా ఆ ముడి ఊడటానికి చాలాసేపు పట్టింది.

దారం ఊడాక పక్క సొరుగులోంచి కాగితం తీసి చింపబోయాడు.

“చింపకుండ్రి,” అంది జంపక్క. “నా వేలు ఉన్నది దాని మీద. దాని కిందనే రాయుండ్రి, ఏం జరిగిందో.”

ఆయన రాశాడు. నాగలత తీసుకుని పైకి చదివింది. కంప్యూటరు సాంకేతిక కారణం వల్ల మేలుకుంటున్నదని, జంపక్క దాన్ని తెరవలేదని, జాబితా చూపలేదని, పొరపాటు జరిగినదని.

“ఎవరి పొరపాటు?” అంది జంపక్క.

వెంకటనారాయణ కాగితాన్ని వెనక్కి తీసుకుని ఇంకో ముక్క చేర్చాడు, ‘నా వలన’ అని. సంతకం పెట్టాడు. నాగలత మళ్లీ మొదటి నుంచి చదివింది. పోతయ్య కిటికీ దగ్గర ఉన్నవాళ్లకు కోయమాటలో చెప్పాడు. అదంతా అయ్యాకే జంపక్క కాగితం తీసుకుని మడిచి జాకెట్లో పెట్టుకుంది. తాళంచెవి నడుముకే ఉంది, దాన్ని ఎవరూ అడగలేదు.

జాబితా వారం తర్వాత గోడకెక్కింది. వెంకటకృష్ణ పేరు అందులో ఉంది. ఊరివాళ్లు అర్జీ రాయించి, పోతయ్య చేత కూడా సంతకం పెట్టించి ఖమ్మం పట్టుకెళ్లారు. ఏమవుతుందో ఇంకా తెలియదు.

కంప్యూటరు మాత్రం మళ్లీ తనంతట తాను లేవలేదు. రోజూ పొద్దున ఫ్యాన్ వేసి జంపక్క ఒక్క నిమిషం దాని వైపు చూస్తుంది. తర్వాత బల్ల తుడుస్తుంది, కుర్చీ తుడుస్తుంది, బీరువా పిడి తుడుస్తుంది. గదిలో ప్రతి వస్తువూ తళతళలాడుతుంది. ఒక్క కంప్యూటరు తప్ప. రాములవారి కల్యాణానికి వెళ్లే జనంతో రోడ్డు మీద బండ్లు ఆగకుండా తిరిగిన ఆ నెలలో దుమ్ము దాని మీద వేలితో పేరు రాసేంత మందంగా పేరుకుంది.

ఒక గురువారం వెంకటనారాయణ పెందలాడే వచ్చాడు. ఆమె ఇంకా గుడ్డ పిండుతోంది. ఆయన కుర్చీలో కూర్చుని, తెర మీద దుమ్మును చూసి, మెత్తగానే అడిగాడు.

“జంపక్కా, పనిలో పనిగా దీన్ని కూడా కాస్త తుడవకూడదూ?”

“తుడుస్త సారు,” అంది జంపక్క. “ముట్టుమని రాసియ్యుండ్రి.”

ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె నవ్వడం లేదు. గచ్చు మీద తడి మెరుస్తోంది. ఆయన జేబులోంచి రుమాలు తీసి తెర తుడుచుకోవడం మొదలుపెట్టాడు. జంపక్క ఫ్యాన్ వేసి, బకెట్టు తీసుకుని బయటికి నడిచింది.